వేరుగా పెరిగిన పిల్లలు – మన హాస్టలు
(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో విద్యా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

కొండాపూరు, మాదాపూరు రోడ్ల మీద ట్రాఫిక్కులో చిక్కుకుని, ఆలస్యంగానైనా సరే వచ్చి కూర్చున్న మీ అందరికీ ముందుగా మా ధన్యవాదాలు. వెనుక నిలబడిన అబ్బాయిలు ముందుకొచ్చి కూర్చోవలసిందిగా మనవి. ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

కిందటి సమావేశంలో మీరు మాకు ఒక పని అప్పగించారు. ఈ ఐ.టి. ప్రాంతంలో డ్రైవర్లుగా, సెక్యూరిటీ గార్డులుగా, కంపెనీ క్యాంటీన్లలో వంటవాళ్లుగా పనిచేస్తున్న మనవాళ్ల పిల్లల కోసమూ, జిల్లాల నుంచి చదువుకు వచ్చే పిల్లల కోసమూ ఒక హాస్టలు కట్టాలన్న ప్రతిపాదనను పరిశీలించి నివేదిక ఇమ్మన్నారు. స్థలం సంగతి, చందాల సంగతి కోశాధికారి గారు ఇదివరకే చెప్పారు. మేము చెప్పబోయేది తీర్మానం ముసాయిదాలో ఉన్న మూడు మాటల గురించి మాత్రమే. “ముస్లిం పిల్లలకు మాత్రమే” అని ఉన్నది అందులో. ఈ మూడు మాటల మీద మా ఉపసంఘం నాలుగుసార్లు కూర్చుంది. దాచేదేముంది, రెండుసార్లు గట్టిగానే పోట్లాడుకున్నాం.

ఆ మాటలు ఎందుకు వచ్చాయో మాకు తెలియక కాదు. 1998 నవంబరులో సైబర్ టవర్సు తెరిచిన తరువాత కర్నూలు, కడప, గుంటూరు, ఖమ్మం నుంచి ఉద్యోగాల మీద వచ్చినవాళ్లమే మనలో ఎక్కువమందిమి. టు లెట్ బోర్డు చూసి లోపలికి వెళ్లి, అద్దె కుదిరి, అడ్వాన్సు కూడా లెక్కపెడుతున్న సమయంలో “మీ పేరేమన్నారూ?” అన్న ప్రశ్న వచ్చి, ఆ తరువాత “మా అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నాడండీ, ఇల్లు మాకే కావాలి” అన్న జవాబు వినని కుటుంబం ఈ హాలులో ఎన్ని ఉన్నాయో చేతులెత్తమని అడగం. అడగనక్కర లేదు. ఎదుటివాళ్ల తలుపు తెరుచుకోనప్పుడు మన తలుపు మనం చేసుకుందామనుకోవడం సహజం. అందులో తప్పు పట్టవలసింది లేదు.

అయితే ఇలాగే అనుకుని, మంచి మనసుతో కట్టుకున్న ఒక ఇంటి కథ మా కంట పడింది. దూరదేశపు కథే. మీలో చాలామంది పిల్లలు కెనడాలో ఉన్నారు కనుక మరీ పరాయిది కాదు.

కెనడా తూర్పు తీరంలో నోవా స్కోషియా అనే రాష్ట్రం ఉంది. హాలిఫాక్స్ దాని ముఖ్యపట్టణం. అక్కడ నల్లజాతివారు రెండు వందల ఏళ్లకు పైబడి స్థిరపడి ఉన్నారు. వాళ్లలో తల్లీతండ్రీ లేని పిల్లలను తెల్లవాళ్ల అనాథాశ్రమాలు చేర్చుకునేవి కావు. అందుకని జేమ్స్ రాబిన్సన్ జాన్స్టన్ అనే నల్లజాతి న్యాయవాది తమ పిల్లలకు తామే ఒక గృహం కట్టుకోవాలని తలపెట్టాడు. ఆయన బతికుండగా అది కాలేదు. 1917 డిసెంబరులో హాలిఫాక్సు రేవులో జరిగిన మహా పేలుడు వల్ల మరింత ఆలస్యమైంది. చివరికి 1921 జూన్ 6వ తేదీన డార్ట్‌మత్ పొలిమేరలో “నోవా స్కోషియా నల్లజాతి బాలల గృహం” తెరిచారు. ఆనాడు వేలమంది ఊరేగింపుగా వచ్చారట. చర్చిలలో చందాలు పోగుచేశారు, ఇళ్ల నుంచి దుప్పట్లు, కూరగాయలు తెచ్చిచ్చారు. ఏటా ఆ గృహం కోసం విరాళాలు వసూలు చేయడం ఆ సమాజానికి పండుగలాంటిదైంది. మన చందా పుస్తకాలు పట్టుకుని రంజానులో తిరిగే మనకు ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు.

ఆ గృహంలో పెరిగిన పిల్లలు పెద్దవాళ్లయి, 1990ల చివర నుంచి నోరు విప్పడం మొదలుపెట్టారు. దెబ్బలు తిన్నామన్నారు. ఆకలితో పడుకున్నామన్నారు. ఆడపిల్లల మీద, మగపిల్లల మీద కూడా చేయరాని పనులు చేశారన్నారు. ఈ మాటలు వినడానికి మనకే ఇంత కష్టంగా ఉంటే, చందాలిచ్చి ఆ ఇంటిని నిలబెట్టిన సమాజానికి ఎంత కష్టంగా ఉండి ఉంటుందో చూడండి. అంతకుముందు ఎవరూ ఎందుకు మాట్లాడలేదంటే రెండు కారణాలు కనబడతాయి. ఒకటి, ప్రభుత్వం. పిల్లలను అక్కడికి పంపేది తనే, తెల్లపిల్లల గృహాలకు ఇచ్చినంత డబ్బు ఇవ్వనిదీ తనే, తనిఖీలు సరిగ్గా చేయనిదీ తనే. వేరుగా ఒక ఇల్లు ఉన్నది కదా, ఆ పిల్లల సంగతి వాళ్లే చూసుకుంటారులే అన్న ధీమా. రెండో కారణం మన గుండెకు తగిలేది. అది వాళ్ల స్వంత ఇల్లు. దాని మీద మాట వస్తే జాతి పరువు పోతుంది, ఉన్న ఒక్కటీ మూతపడుతుంది అన్న భయంతో తెలిసినవాళ్లు కూడా ఊరుకున్నారు.

2012లో ఆ పూర్వవిద్యార్థులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. టోనీ స్మిత్ అనే ఆయన వారిలో ముఖ్యుడు. కోర్టుకు వెళ్లారు. 2013లో ఆ గృహం 50 లక్షల డాలర్లు, 2014లో రాష్ట్ర ప్రభుత్వం 2 కోట్ల 90 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. 2014 అక్టోబరు 10న ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి స్టీఫెన్ మెక్‌నీల్ ఆ పూర్వవిద్యార్థుల ఎదుట నిలబడి ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పాడు. అక్కడితో ఆగలేదు. 2015 నుంచి 2019 దాకా ఒక విచారణ జరిపారు. అది మన జుడీషియల్ ఎంక్వయిరీ వంటిది కాదు. లాయర్లు క్రాసు చేసి సాక్షులను ఏడిపించే పద్ధతి విడిచిపెట్టి, దెబ్బతిన్నవాళ్లనే విచారణ నడిపేవారిలో కూర్చోబెట్టారు. టోనీ స్మిత్ దానికి సహాధ్యక్షుడు. డబ్బు ఇచ్చినందుకు కాదు గాని, ఈ కూర్చోబెట్టడాన్ని మేము ఎక్కువగా మెచ్చుకున్నాం.

అమెరికా సంగతి కొంచెమే చెబుతాం. ఫ్లోరిడాలో మరియానా అనే చోట దారితప్పిన మగపిల్లల కోసమని 1900లో తెరిచిన ప్రభుత్వ పాఠశాల 2011 దాకా నడిచింది. 1968 దాకా తెల్లపిల్లలు ఒకవైపు, నల్లపిల్లలు ఒకవైపు. మూసిన తరువాత విశ్వవిద్యాలయం వారు తవ్వి చూస్తే 55 సమాధులు బయటపడ్డాయి. 2017లో ఆ రాష్ట్ర శాసనసభ క్షమాపణ చెప్పింది, 2024లో పరిహారానికి 2 కోట్ల డాలర్లు కేటాయించింది.

“నల్లజాతి పిల్లల గొడవ మనకెందుకండీ” అని మా ఉపసంఘంలోనే ఒకరు అన్నారు. ఆయన రోజూ మాసాబ్ ట్యాంకు మీదుగా వెళ్లే మనిషి. పక్కనే ఏసీ గార్డ్స్ అనే పేట ఉన్నది కదా, ఏసీ అంటే ఏమిటి అని అడిగాం. ఆఫ్రికన్ కావల్రీ. నిజాం కొలువులో ఉన్న ఆఫ్రికా అశ్వికదళం వాళ్ల బిడ్డలు ఈనాటికీ అక్కడ ఉన్నారు, మన పక్కన నిలబడి నమాజు చేస్తారు. ఆ పేట పేరును రెండు అక్షరాలకు కుదించి పలికేవాళ్లమే గాని, ఎవరి పేరది అని ఆలోచించేవాళ్లం కాము.

సరే, మన తెలుగునాటికి వద్దాం. ఇక్కడ ఇలాంటిది జరగలేదా? జరిగింది. ఇంకా పెద్దగా జరిగింది.

తెల్లదొరల ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం చేసింది. పుట్టుకతోనే మనిషి దొంగ అని నిర్ణయించే చట్టం. 1897లో దానికి చేసిన సవరణ ప్రకారం ఆ జాతుల పిల్లలను, నాలుగేళ్ల వయసు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా, తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరు బడులలో ఉంచవచ్చు. నాలుగేళ్ల పిల్లను చేతులలోంచి తీసుకుపోవచ్చునని చట్టపుస్తకంలో అచ్చువేశారు! 1911లో చట్టాన్ని మళ్లీ రాసి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశాక మన ఎరుకలవారి మీద పడింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం, కృష్ణ ఒడ్డున సీతానగరం, నెల్లూరు జిల్లాలో కావలి, ఇవన్నీ అలా వెలసిన సెటిల్‌మెంట్లు. మొదటి రెండూ సాల్వేషన్ ఆర్మీ చేతిలో, కావలి అమెరికన్ బాప్టిస్టు మిషను చేతిలో ఉండేవి. స్టువర్టుపురానికి ఆ పేరు మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ అనే దొరవల్ల వచ్చింది. అక్కడి పెద్దలకు వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే చీటీ. పిల్లలకు బడి. బడి మంచిదే. కాని ఊరి బడిలో కాదు, నేరస్థుల బడిలో. తెలంగాణలో నిజాం ప్రభుత్వం వారికీ ఇటువంటి చట్టమే ఉండేది, పాలమూరు వైపు లింగాల సెటిల్‌మెంటు ఆ కోవలోదే. కనుక దొరలు మాత్రమే చేశారని మనం చేతులు దులుపుకోవడానికి వీల్లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక తిరుపతి వైపు నాయకులు, తరువాత లోక్‌సభ స్పీకరు అయిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షతన 1949లో ఒక విచారణ సంఘం వేశారు. మద్రాసులో అంతకుముందే, 1947లోనే, చట్టాన్ని ఎత్తివేశారు. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆ తేదీని ఆ జాతులవారు విముక్త దినంగా జరుపుకుంటారు. అయితే చట్టం పోయి అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి, పోలీసు స్టేషన్లలోని జాబితాలు చాలాకాలం కదలలేదు. 2008లో రేణ్కే కమిషను, 2018లో ఇదాతే కమిషను నివేదికలు ఇచ్చాయి. 2022లో ఈ జాతుల కోసం అయిదేళ్లకు 200 కోట్ల రూపాయలతో ఒక పథకం మొదలుపెట్టారు. చదువుకు కోచింగు, ఆరోగ్య బీమా, ఇళ్లు, ఉపాధి అందులో ఉన్నాయి. మంచిదే. కాని హాలిఫాక్సులో జరిగినట్టు, ఆ బళ్లలో పెరిగిన ముసలివాళ్లను పిలిచి “అమ్మా, నీకేం జరిగింది చెప్పు” అని కుర్చీ వేసి కూర్చోబెట్టడం అనేది అందులో లేదు. స్టువర్టుపురం మీద మాత్రం మనవాళ్లు సినిమాలు తీశారు. 1991లో రెండు తీశారు, 2023లో మరొకటి. అన్నీ దొంగల కథలే, పోలీసుల కథలే. అక్కడ ఏళ్ల తరబడి పనిచేసిన హేమలతా లవణం గారి మీద, అంటే మన జాషువా గారి అమ్మాయి మీద, ఎవరూ అలాంటి పెద్ద సినిమా తీయడానికి ముందుకు రాలేదు. ఇది ప్రసక్తానుప్రసక్తంగా చెప్పాం, క్షమించాలి.

ఇక్కడ ఒక న్యాయం కూడా చెప్పాలి. వేరుగా పెట్టిన బడులన్నీ ఒక్కటి కావు. మన హైదరాబాదులోనే భాగ్యరెడ్డి వర్మగారు, మాల కులంలో పుట్టి, తమ పిల్లలను చేర్చుకునే బడి లేదని 1910లో ఇసామియా బజారులో బడి పెట్టారు. అవి పెరిగి 26 బడులయ్యాయి, 2,500 మంది పిల్లలు చదివారు. ఉర్దూ రాజ్యంలో తెలుగు చెప్పిన బడులవి. తరువాత నిజాం ప్రభుత్వమే వాటిని తన చేతిలోకి తీసుకుంది. వర్మగారి బడీ వేరే బడే, స్టువర్టుపురం బడీ వేరే బడే. ఒకటి పిల్లల తరఫున పెద్దలు పెట్టింది, ఇంకొకటి పిల్లల మీద ప్రభుత్వం పెట్టింది. ఈ తేడా మా పెద్ద సభ్యులొకరు పదేపదే గుర్తుచేశారు, సబబుగానే గుర్తుచేశారు. కాని హాలిఫాక్సు గృహం వర్మగారి బడిలాగే మొదలైందన్న సంగతి మేము ఆయనకు గుర్తుచేయవలసి వచ్చింది.

ఇప్పుడు మన గుమ్మం ముందుకు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు అద్దాల మేడలు దాటి కొంచెం ముందుకు వెళితే గౌలిదొడ్డి. అక్కడ సాంఘిక సంక్షేమ గురుకులం ఉన్నది. అక్కడి దళిత పిల్లలు ఐ.ఐ.టి.లకు, మెడికల్ కాలేజీలకు వెళుతున్నారు. ఈ గురుకులాల సంస్థలోనే చదువుతున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే, ఎవరెస్టు ఎక్కింది. వేరుగా ఉంటే పిల్లలు చెడిపోతారనే వాదన అక్కడ నిలవదు. మన పిల్లల కోసం 2016లో మైనారిటీ గురుకులాలు 71తో మొదలై, తరువాత 204 అయ్యాయి. వాటిలో నూటికి 75 సీట్లు మైనారిటీలకు, 25 సీట్లు ఇతరులకు. ఈ 25 సంగతి మనలో చాలామందికి తెలియదు. మేము అడిగితే ఇద్దరు తల్లులు ఆశ్చర్యపోయారు.

ప్రభుత్వం కూడా ఈ వేరువేరు పద్ధతిని తిరిగి ఆలోచించడం మొదలుపెట్టింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు నాలుగు గురుకులాలు నాలుగు చోట్ల ఎందుకు, అందరినీ ఒకే ప్రాంగణంలో చదివిద్దామని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు 2024 అక్టోబరు 11న షాద్‌నగర్ దగ్గర కొందుర్గులో యంగ్ ఇండియా సమీకృత గురుకులానికి శంకుస్థాపన చేశారు. ఒక్కో దానికి 20 నుంచి 25 ఎకరాలు, 2,560 మంది పిల్లలు. అదే ఏడు చివర సంక్షేమ హాస్టళ్లన్నిటికీ ఒకే రకం భోజనం అని, డైటు చార్జీలు నూటికి 40 వంతులు పెంచారు. ఏడో తరగతి లోపు పిల్లలకు నెలకు 950 ఉన్నది 1,330 అయింది. 8 నుంచి 10 దాకా 1,100 ఉన్నది 1,540 అయింది. కలుషితమైన అన్నం తిని పిల్లలు ఆస్పత్రి పాలైన వార్తలు ఆ ఏడాది మనం చదివాం, కనుక ఈ పెంపు తొందరగా వచ్చిందని మాత్రం అనలేం. తమిళనాడులో 2025 జూలైలో ఆదిద్రావిడ, వెనుకబడిన తరగతుల హాస్టళ్లన్నిటికీ కులం పేర్లు తీసేసి సామాజిక న్యాయ హాస్టళ్లని పేరు పెట్టారు.

పేరు మారిస్తే ఏమవుతుందిలే అనిపించవచ్చు. మా అనుభవం ఒకటి చెబుతాం. మేము చదువుకున్న చిన్న పట్టణపు హైస్కూలులో ఎస్సీ హాస్టలు నుంచి వచ్చే పిల్లలు మా తరగతిలో పది పన్నెండు మంది ఉండేవారు. మాస్టర్లు హాజరు పట్టీలో వాళ్ల పేర్లు చదివేవారు గాని, మిగతా వేళ అందరూ “హాస్టలోళ్లు” అనే పిలిచేవారు. మేమూ అలాగే పిలిచాం. మధ్యాహ్నం వాళ్లు హాస్టలుకు పరుగెత్తి తిని వచ్చేసరికి మా టిఫిను డబ్బాలు అయిపోయి ఉండేవి, కలిసి తినడం ఒక్కనాడూ జరగలేదు. ఎవరూ విడదీయలేదు, అన్నం వేరు అయ్యేసరికి స్నేహం దానంతట అదే వేరైంది. ఆ పదిమందిలో ఇద్దరి పేర్లే మాకిప్పుడు గుర్తున్నాయి. మన హాస్టలు పిల్లలను రేపు ఈ కొండాపూరు బడులలో తోటిపిల్లలు ఏమని పిలుస్తారు?

అందుకని మా సిఫారసు ఇలా ఉంది. ముసాయిదాలోని “మాత్రమే” అన్న మాట తీసివేయాలి. ప్రభుత్వ మైనారిటీ గురుకులాల మాదిరిగానే నాలుగింట ఒక వంతు పడకలు ఇతర పేదపిల్లలకు ఉంచాలి. వాళ్లకు వేరు గది, వేరు వరుస ఉండకూడదు, గదుల కేటాయింపు చీటీ వేసి చేయాలి. వంటింటిలో అందరూ తినగలిగినది వండాలి. దీని మీద పేచీ వస్తుందని మాకు తెలుసు, పప్పు, కూర, గుడ్డు దగ్గర పేచీ ఏమీ ఉండదు, మిగతాది వారానికి ఒకటి రెండు రోజుల సంగతి.

ఇక ఇంతకంటే మేము గట్టిగా పట్టుబట్టేది మరొకటి ఉన్నది. తనిఖీ సంఘంలో మన సొసైటీ వాళ్లే ఉండకూడదు. అయిదుగురిలో ఇద్దరు మనవాళ్లు కానివాళ్లు ఉండాలి, అందులో ఒకరు స్త్రీ అయి ఉండాలి. చెప్పకుండా ఏ వేళనైనా వచ్చి, వార్డెను లేకుండా పిల్లలతో మాట్లాడే హక్కు వారికి ఉండాలి. ఫిర్యాదుల పుస్తకం వార్డెను గదిలో ఉండకూడదు. హాస్టలు విడిచి వెళ్లిన పిల్లలలో ఒకరిని మూడో ఏడు నుంచి కార్యవర్గంలోకి తీసుకోవాలి. కార్యవర్గం మీద నమ్మకం లేదా అని అధ్యక్షులవారు మమ్మల్ని సూటిగానే అడిగారు. ఉన్నది సార్. హాలిఫాక్సు పెద్దల మీద కూడా ఆనాడు వాళ్ల జనానికి నమ్మకం ఉండేది.

మా అయిదుగురిలో ఒకరు ఈ సిఫారసుతో ఏకీభవించలేదు. వారి మాట వారి మాటల్లోనే వినిపించడం ధర్మం. “మిగతా పిల్లలకు సవాలక్ష హాస్టళ్లు ఉన్నాయి. మనం రూపాయి రూపాయి పోగుచేసి కట్టేది ఒక్కటి. అందులో నాలుగో వంతు ఇచ్చేస్తే, ఆ పడక దొరకని మన పిల్లవాడికి ఏమని చెబుతారు?” ఈ ప్రశ్నకు మా దగ్గర పూర్తి జవాబు లేదు. నలభై పడకల్లో పది పోతాయి, పదిమంది తల్లులు మన ఆఫీసు మెట్ల మీద కూర్చుంటారు, అది నిజమే. జకాతు కింద వచ్చిన డబ్బును మాత్రం దాని నియమాల ప్రకారమే వాడి, ఆ పది పడకల ఖర్చు మామూలు చందాల నుంచి పెట్టాలని మేము రాశాం. కోశాధికారి గారు లెక్క వేసి, కుదురుతుందన్నారు, కాకపోతే ఏటా రెండు నెలలు ముందుగా చందాలకు బయలుదేరాలన్నారు.

మగ్రిబు వేళ దగ్గరపడింది. సవరించిన తీర్మానం ప్రతులు మీ కుర్చీల మీద పెట్టించాం. రెండో పేజీలో అచ్చుతప్పు ఉన్నది, తనిఖీ సంఘం “మూడు” అని పడింది, “అయిదు” అని దిద్దుకోగలరు. నమాజు అయ్యాక మళ్లీ ఇక్కడే చేరి, ఏకీభవించని సభ్యులు ముందుగా పది నిమిషాలు మాట్లాడతారు, ఆ తరువాత ఓటు తీసుకుందాం.